ఒక్కసారి జరిగి ముగిసే ప్రదర్శనను అచ్చులో నిలపడం: ప్రయోగాత్మక నృత్య, ప్రదర్శన కళల ప్రచురణకు సమగ్ర మార్గదర్శి

నాటకానికి రాతప్రతి ఉంటుంది, కచేరీకి కీర్తనలు ఉంటాయి, కూచిపూడి యక్షగానానికి దరువులూ పరంపరా ఉంటాయి. ప్రయోగాత్మక ప్రదర్శనకు చాలాసార్లు వీటిలో ఏదీ ఉండదు. ఒక నర్తకి పాత గోదాములో గోడకు ఆనుకొని గంటసేపు నిలబడవచ్చు, ఒక చిత్రకారుడు నడివీధిలో మట్టి మోస్తూ రోజంతా గడపవచ్చు. మర్నాటికి మిగిలేది చూసినవారి జ్ఞాపకమూ, నలుగురి ఫోన్లలో చెల్లాచెదురుగా ఉన్న ఫొటోలూ మాత్రమే. 1950ల నడిమి నుంచి జపాన్‌లోని ఒసాకా పరిసరాల్లోనూ, ఆ తరువాత న్యూయార్క్‌లోనూ లాస్ ఏంజిలిస్‌లోనూ జరిగిన ఇలాంటి ప్రదర్శనల గురించి మనం ఇవాళ వివరంగా చదువుకోగలుగుతున్నామంటే, అందుకు ప్రధాన కారణం అప్పటి చిన్న పత్రికలూ, తక్కువ ప్రతులతో అచ్చయిన పుస్తకాలూను. సొంత ప్రదర్శననో, తమ బృందం ప్రదర్శననో అచ్చులోకి తేవాలనుకునే తెలుగువారికి ఆ ప్రచురణల పద్ధతులు ఎలా పనికివస్తాయో ఈ మార్గదర్శి వరుసగా వివరిస్తుంది. దీని వెనక ఒక పక్షపాతం ఉంది, ముందే చెప్పడం మంచిది: ప్రదర్శన చూడనివారికి అక్కడ ఏం జరిగిందో తెలియజేయడమే ఇలాంటి ప్రచురణ మొదటి బాధ్యత, ప్రశంస, సిద్ధాంతం, విమర్శ దాని తరువాత రావాలి.

మొదటి అడుగు: ప్రచురణ ఎవరి చేతికి వెళ్లాలో తేల్చుకోండి

పుటల సంఖ్య, కాగితం, ఖర్చు అన్నీ ఈ నిర్ణయం మీదే ఆధారపడతాయి. జపాన్‌లో యోషిహారా జిరో నాయకత్వంలోని గుటాయ్ బృందం 1955 నుంచి 1965 వరకు తన పేరుతోనే 12 సంచికలు వెలువరించింది. ఆ పత్రికను విదేశాల్లోని కళాకారులకు పోస్టులో పంపేవారు. అమెరికన్ చిత్రకారుడు జాక్సన్ పొలాక్ ఇంట్లో కూడా దాని ప్రతులు దొరికాయి. దూరదేశంలో తమను ఎన్నడూ చూడని సాటి కళాకారుడే వారి పాఠకుడు కాబట్టి, ఛాయాచిత్రాలకు అంత ప్రాధాన్యం ఇచ్చారు.

న్యూయార్క్‌లో విలోబీ షార్ప్, లీజా బేర్ నడిపిన అవలాంచ్ 1970 నుంచి 1976 వరకు 13 సంచికలుగా వచ్చింది. అందులో విమర్శకుల వ్యాసాలకు బదులు కళాకారుల ముఖాముఖీలూ వారే ఇచ్చిన చిత్రాలూ ఉండేవి. మొదట చతురస్రాకారపు ముచ్చటైన పత్రికగా వచ్చి, చివరి 5 సంచికలు మామూలు వార్తాపత్రిక రూపంలోకి మారాయి. డబ్బు తగ్గినప్పుడు పత్రికను ఆపేయడం కంటే కాగితం మార్చడం మేలని గ్రహించడానికి ఇది మంచి ఉదాహరణ. 1978లో లాస్ ఏంజిలిస్‌లో లిండా ఫ్రై బర్న్‌హామ్ ప్రారంభించిన హై పెర్ఫార్మెన్స్ పత్రిక తొలి ఏళ్లలో మరో దారి తొక్కింది: కళాకారులు తమ ప్రదర్శన వివరాలనూ ఛాయాచిత్రాన్నీ తామే పంపితే, మంచిచెడ్డల తీర్పు లేకుండా వాటిని ఒక ప్రత్యేక విభాగంలో అచ్చువేసేది. పేరున్నవారూ లేనివారూ పక్కపక్కనే నమోదయ్యారు.

వీటన్నిటిలో నాకు ఎక్కువ నచ్చేది కాంటాక్ట్ క్వార్టర్లీ అన్న నృత్య పత్రిక పుట్టుక. స్టీవ్ పాక్స్టన్ 1972లో మొదలుపెట్టిన కాంటాక్ట్ ఇంప్రొవిజేషన్‌లో ఇద్దరు నర్తకులు ఒకరి బరువు ఒకరు మోస్తూ, దొర్లుతూ, పడుతూ అప్పటికప్పుడు నృత్యం అల్లుకుంటారు. సరైన శిక్షణ లేనివారు దీన్ని నేర్పితే దెబ్బలు తగులుతాయన్న భయంతో, ఆ పేరుకు చట్టబద్ధమైన హక్కు తీసుకొని అర్హులకే బోధించే అనుమతి ఇవ్వాలన్న ఆలోచన ఒకటి వచ్చింది. దానికి బదులుగా 1975లో ఒక వార్తాలేఖ ప్రారంభించారు. ఎవరు ఎక్కడ ఏం చేస్తున్నారో, ఏది ప్రమాదకరమో, ఏది పనికొచ్చిందో అందరూ అందరికీ రాసుకునే ఆ లేఖే నాన్సీ స్టార్క్ స్మిత్ సంపాదకత్వంలో త్రైమాసికంగా ఎదిగి, 2020 దాకా అచ్చులో కొనసాగింది. మీ పాఠకులు ప్రధానంగా సాటి సాధకులే అయితే ఖరీదైన పుస్తకం గురించి ఆలోచించకండి. 16 పుటల వార్తాలేఖతో మొదలుపెట్టండి.

రెండవ అడుగు: ప్రదర్శనకు ముందే నమోదు పనిని పంచండి

ప్రదర్శన ముగిశాక సామగ్రి కోసం వెతకడం మొదలుపెట్టే ప్రచురణ సగం ఖాళీగానే వస్తుంది. కనీసం ముగ్గురికి పని అప్పగించండి. ఒకరు గడియారం దగ్గర పెట్టుకొని జరిగేది జరిగినట్టు రాయాలి. ఒకరు ఫొటోలు తీయాలి. మరొకరు వీడియోతో పాటు శబ్దాన్ని విడిగా రికార్డు చేయాలి. రాసే వ్యక్తి ప్రదర్శనలో భాగస్వామి కాకపోతేనే మంచిది. ఆ వ్యక్తి కాగితం మీద ఎడమవైపు సమయం, మధ్యలో చర్య, కుడివైపు ప్రేక్షకుల స్పందన రాసుకునేలా మూడు గడులు గీసి ఇవ్వండి. స్థలం కొలతలు, కిటికీలూ దీపాలూ ఎటువైపు ఉన్నాయి, నేల సిమెంటా మట్టా, ప్రేక్షకులు కూర్చున్నారా తిరుగుతున్నారా అన్నవి తలుపులు తెరవకముందే రాసి పెట్టుకోవాలి.

రిహార్సళ్ల కాగితాలను పారేయనివ్వకండి. కొట్టివేతలతో ఉన్న నోటు పుస్తకం, సామగ్రి చిట్టా, హాలు అద్దె రసీదు, కరపత్రం, టికెట్టు ముక్క, చివరి నిమిషంలో మార్పు గురించి బృందం పంపుకున్న సందేశాలు అన్నీ ఒక పెట్టెలోకి చేరాలి. అమెరికన్ నర్తకి యివోన్ రైనర్ తాను 1961 నుంచి 1973 వరకు చేసిన పనిని 1974లో పుస్తకంగా తెచ్చినప్పుడు అందులో రచనలతో పాటు సూచన పత్రాలు, కార్యక్రమ వివరాలు, లేఖలు, ఫొటోలు చేరాయి. అవి దాచి ఉండబట్టే ఆ పుస్తకం సాధ్యమయింది.

అనుకున్నట్టు జరగని సంగతులను కూడా నమోదు చేయాలని బృందానికి ముందుగానే చెప్పండి. తైవాన్ నుంచి న్యూయార్క్ వెళ్లిన తెహ్‌చింగ్ షే 1980 ఏప్రిల్ నుంచి 1981 ఏప్రిల్ వరకు ఏడాదిపాటు ప్రతి గంటకూ ఒకసారి ఫ్యాక్టరీ హాజరు గడియారంలో కార్డు గుద్దాడు. గుద్దిన ప్రతిసారీ కెమెరా ఒక్కో చిత్రం తీసింది. మొత్తం 8,760 గంటల్లో 133 సార్లు తప్పిపోయాడు. వాటిలో 94 నిద్రపోవడం వల్ల, 29 ఆలస్యం వల్ల, 10 ముందుగా గుద్దడం వల్ల అని ఆయనే పట్టిక ఇచ్చాడు. ఆ పట్టిక లేకపోతే మిగిలిన 8,627 మీద ఇంత నమ్మకం కలిగేది కాదు.

మూడవ అడుగు: జరిగినదాన్ని వర్ణించండి

ఈ పనిలో అన్నిటికంటే కష్టమైనదీ, ఎక్కువమంది దాటవేసేదీ ఇదే. అమెరికాలో 1960ల తొలినాళ్లలో హ్యాపెనింగ్స్ అన్న పేరుతో జరిగిన ప్రదర్శనలను మైకేల్ కర్బీ ఒక సంకలనంగా తెచ్చాడు. ఆయన ఆ ప్రదర్శనలను మూడు పొరలుగా విడదీశాడు: కళాకారుడు తన ఉద్దేశం చెప్పే ప్రకటన, ప్రదర్శనకు ముందు రాసుకున్న ప్రణాళిక, నిజంగా జరిగినదాని వర్ణన. అనుకున్నది, రాసుకున్నది, జరిగింది అన్నవి వేర్వేరుగా కనబడినప్పుడు పాఠకుడు వాటి మధ్య తేడాలను తానే చూడగలుగుతాడు. ఆ తరువాత 1970లలో ది డ్రామా రివ్యూ పత్రిక సంపాదకుడిగా కూడా కర్బీ విలువ కట్టడం కంటే వివరంగా నమోదు చేయడానికే పెద్దపీట వేశాడు. మీ ప్రచురణలో వేరే ఏ పద్ధతినీ పాటించకపోయినా ఈ మూడు పొరల విభజనను మాత్రం వదలకండి.

వర్ణన రాసేటప్పుడు ఎదురయ్యే చిక్కు ఏమిటంటే, మన కళా వ్యాసాలకు అలవాటైన భాష చర్యను మింగేస్తుంది. ఊహకోసం ఒక పాత బస్సు షెడ్డులో జరిగిన ప్రదర్శన తీసుకుందాం. "నర్తకి తన దేహంతో శూన్యాన్ని ప్రశ్నిస్తూ, నగర జీవితపు నిశ్శబ్ద హింసను ఆవిష్కరించింది" అని రాస్తే, షెడ్డులో ఏం జరిగిందో ఆ వాక్యం నుంచి ఎవరూ తెలుసుకోలేరు. అదే సందర్భాన్ని ఇలా రాయవచ్చు: "నర్తకి తూర్పు గోడకు వీపు ఆనించి నిలబడింది. 6 నిమిషాలు కదలలేదు. ఆ తరువాత ఎడమ మడమతో గోడను తన్నడం మొదలుపెట్టింది; మొదట నిమిషానికి ఒకటి రెండుసార్లు, 10వ నిమిషానికల్లా ఆగకుండా. 12వ నిమిషంలో గోడ సున్నం పెచ్చులూడి ఆమె భుజం మీద పడింది. వెనక వరుసలో ఇద్దరు నవ్వారు. ఆమె ఆగలేదు." ఇందులో ఒక్క విశేషణం కూడా అర్థాన్ని నిర్దేశించదు, అయినా హింస అన్న మాటను పాఠకుడే వెతుక్కోగలడు.

రాసే క్రమం ఇలా ఉంటే పని సులువవుతుంది. గడియారం దగ్గర కూర్చున్న వ్యక్తి ఆ రాత్రే తన నోట్సును పూర్తి వాక్యాల్లోకి మార్చాలి, ఎందుకంటే తన చేతిరాతలోని సగం మాటలు వారం తరువాత తనకే అర్థం కావు. తరువాత వీడియోతో పోల్చి సమయాలు సరిచూడాలి. వీడియోలో లేనిది నోట్సులో ఉంటే దాన్ని కొట్టివేయవద్దు. కెమెరాకు వెనుకవైపు జరిగిన సంగతి కావచ్చు. చివరగా కళాకారుడికి చూపించాలి. ఆయన లేదా ఆమె "నా ఉద్దేశం అది కాదు" అంటే ఆ మాటను ప్రకటన విభాగంలో చేర్చండి, వర్ణనను మార్చకండి. "అది నా ఎడమ కాలు కాదు, కుడి కాలు" అంటే వెంటనే సరిదిద్దండి. ఈ రెండు అభ్యంతరాల మధ్య తేడాను పట్టుకోవడమే సంపాదకుడి పని.

కాలం ఏది వాడాలన్న ప్రశ్న కూడా వస్తుంది. ఒకసారే జరిగినదాన్ని భూతకాలంలో రాయండి. మళ్లీ మళ్లీ చేయదగిన సూచనలను "చేయాలి" రూపంలో రాయండి. ఒకే పుటలో ఈ రెండూ కలిసిపోతే, జరిగినదేదో జరగవలసినదేదో ఇరవై ఏళ్ల తరువాత చదివేవారికి తెలియదు.

నాలుగవ అడుగు: ఛాయాచిత్రాలను సాక్ష్యంగా చూడండి

ఫ్రెంచ్ కళాకారుడు ఈవ్ క్లైన్ 1960లో పారిస్ శివార్లలో ఒక గోడ మీద నుంచి శూన్యంలోకి దూకుతున్నట్టున్న ప్రసిద్ధ చిత్రం మొదట ఆయనే అచ్చువేసిన 4 పుటల ఒక్కరోజు పత్రికలో, అదే ఏడాది నవంబరు 27న వచ్చింది. హ్యారీ షంక్, యానోష్ కెండర్ తీసిన రెండు వేర్వేరు చిత్రాలను కలిపి దాన్ని తయారుచేశారు. నిజంగా దూకినప్పుడు కింద స్నేహితులు టార్పాలిన్ పట్టుకొని ఉన్నారు, అచ్చయిన చిత్రంలో అక్కడ ఖాళీ వీధి కనిపిస్తుంది. ఆ పత్రికే ఒక కళాకృతి కాబట్టి దాన్ని మోసం అనలేము. మీ ప్రచురణ మాత్రం నమోదు అని చెప్పుకుంటున్నప్పుడు, చిత్రం అసలు ప్రదర్శనలో తీసినదా, రిహార్సల్లో తీసినదా, ఫొటో కోసమే చేసి చూపించినదా అన్నది ప్రతి చిత్రం కింద ఉండాలి. నాకు తెలిసినంతలో తెలుగు కళా సంచికల్లో అన్నిటికంటే ఎక్కువగా లోపించేది ఈ ఒక్క పంక్తే.

చిత్రం కింద ప్రదర్శన పేరు, స్థలం, తేదీ, ప్రదర్శనలో ఎన్నో నిమిషం, కనిపిస్తున్నవారి పేర్లు, తీసినవారి పేరు రాయండి. అందమైన ఒక్క చిత్రాన్ని పుట నిండా వేయడం కంటే, ఒకే చోటు నుంచి క్రమంగా తీసిన 8 చిన్న చిత్రాలు కదలికను బాగా చెబుతాయి. 1960ల న్యూయార్క్ ప్రదర్శనలను పీటర్ మూర్ ఓపికగా వరుసగా చిత్రించడం వల్లే, జడ్సన్ చర్చిలో 1962 జూలై 6న మొదలైన నృత్య కచేరీల ధోరణి ఎలా ఉండేదో తరువాతివారు చూడగలిగారు.

చిత్రం ఎంత చెప్పినా అది ఒక దృక్కోణమే. అమెరికన్ నృత్య రూపకర్త ట్రిషా బ్రౌన్ చేసిన రూఫ్ పీస్‌లో నర్తకులు న్యూయార్క్ మేడల మీద దూరదూరంగా నిలబడి, ఒకరి కదలికను చూసి మరొకరు అనుకరిస్తూ దాన్ని ముందుకు పంపుతారు. కింద ఉన్న ఏ ఒక్క ప్రేక్షకుడికీ అది మొత్తంగా కనబడదు. 1973లో బాబెట్ మంగోల్ట్ తీసిన చిత్రం వల్ల ఇవాళ మనం దాన్ని నీళ్ల ట్యాంకుల నడుమ పరుచుకున్న ఒకే దృశ్యంగా ఊహించుకుంటాం. ఇలాంటి సందర్భంలో ఫొటో పక్కనే ఒక సాదా పటం గీసి, కెమెరా ఎక్కడ ఉంది, ప్రేక్షకులు ఎక్కడ ఉన్నారు అన్నది గుర్తించండి.

ఐదవ అడుగు: మళ్లీ చేయడానికి ఎంత చెప్పాలో నిర్ణయించండి

1960ల ప్రయోగాత్మక కళాకారుల కూటమి ఫ్లక్సస్‌కు చెందిన జార్జ్ బ్రెక్ట్ 1963లో ఒక పెట్టెలో చిన్న చిన్న కార్డులుగా ప్రచురించిన సూచనల్లో కొన్ని రెండు మూడు పంక్తులే ఉంటాయి. నీళ్లు చుక్కలుగా ఖాళీ పాత్రలో పడేలా అమర్చమని ఒక కార్డు చెబుతుంది, అంతే. మిగిలినదంతా చేసేవారి ఇష్టం. దీనికి పూర్తి విరుద్ధంగా రుడాల్ఫ్ లాబాన్ 1928లో ప్రకటించిన నృత్య లిపి కదలిక దిశనూ, ఎత్తునూ, వ్యవధినీ గుర్తులతో పట్టుకుంటుంది. అయితే దాన్ని చదవగలిగినవారు ఏ దేశంలోనైనా కొద్దిమందే. రైనర్ 1966 నాటి ట్రయో ఎ నృత్యం సుమారు 5 నిమిషాలే ఉన్నా, దానికి 1978 నాటి చలనచిత్రం ఉన్నా, ఇప్పటికీ అది ప్రధానంగా ఆమె అనుమతించిన వ్యక్తులు నేరుగా నేర్పడం ద్వారానే ఒకరి నుంచి ఒకరికి అందుతోంది.

తెలుగు నేల మీద దీనికి పాత ఉదాహరణ ఒకటి ఉంది. కాకతీయ గణపతిదేవుని గజసేనాని జాయప 13వ శతాబ్దంలో సంస్కృతంలో రాసిన నృత్తరత్నావళిలో మార్గ (శాస్త్ర సంప్రదాయ) పద్ధతితో పాటు తన కాలపు దేశి (ప్రాంతీయ) నృత్యాలను కూడా వివరించాడు. నటరాజ రామకృష్ణ 20వ శతాబ్దంలో పేరిణి నృత్యాన్ని పునర్నిర్మించినప్పుడు ఆ గ్రంథమూ రామప్ప గుడి శిల్పాలూ ఆధారమయ్యాయి. నిలిచిన భంగిమ శిల్పంలో దొరుకుతుంది, కదలికల పేర్లూ లక్షణాలూ గ్రంథంలో దొరుకుతాయి. ఒక భంగిమ నుంచి మరో భంగిమకు వెళ్లే వేగమూ బిగువూ ఆ రెండింటిలోనూ పూర్తిగా దొరకవు. అక్కడ పునర్నిర్మించేవారి ఊహ పనిచేయక తప్పదు. మీ ప్రచురణలో ప్రత్యేకంగా రాయవలసింది ఆ మధ్య భాగాన్నే: ఊపిరి ఎక్కడ బిగబట్టారు, బరువు ఏ కాలి మీద ఉంది, ఏ సంకేతం చూసి తరువాతి కదలిక మొదలుపెట్టారు.

ఆరవ అడుగు: మాటలు సేకరించండి

ముఖాముఖీని ప్రదర్శన జరిగిన 2 లేదా 3 రోజుల్లో చేయండి. కళాకారుడితో ఆపకుండా లైట్లు వేసినవారిని, డప్పు వాయించినవారిని, హాలు కాపలాదారును, మధ్యలో లేచి వెళ్లిపోయిన ప్రేక్షకుడిని కూడా అడగండి. "మీ స్ఫూర్తి ఏమిటి" అన్న ప్రశ్నకు అందరూ ఒకే రకంగా జవాబిస్తారు. "20వ నిమిషంలో ఎందుకు ఆగారు" అన్న ప్రశ్నకు ఎవరి జవాబు వారిదే. మాట్లాడిన యాసను సరిదిద్ది పుస్తక భాషలోకి మార్చవద్దు. శ్రీకాకుళం కళాకారిణి మాట శ్రీకాకుళంలాగే వినబడాలి.

ఏడవ అడుగు: హక్కులు, అనుమతులు

ఇది విసుగు పుట్టించే పని, కానీ రాతపూర్వకంగా చేయకపోతే పుస్తకం ప్రెస్సు నుంచి వచ్చాక ఆగిపోతుంది. 1957 నాటి భారత కాపీరైట్ చట్టం నృత్య రచనను నాటక కృతుల్లో భాగంగా గుర్తిస్తుంది, అయితే అది రాతలోనో మరో రూపంలోనో స్థిరపడి ఉండాలి. అంటే మీ ప్రచురణే కొందరు కళాకారులకు ఆ హక్కుకు ఆధారం కావచ్చు. ప్రదర్శకులకు విడిగా 50 ఏళ్ల హక్కు ఉంది. డబ్బు ఇచ్చి తీయించిన ఫొటో మీద, వేరే ఒప్పందం లేకపోతే, తీయించినవారికే తొలి హక్కు. స్నేహంగా వచ్చి తీసిన ఫొటో మీద హక్కు తీసినవారిదే. అందువల్ల ఫొటోగ్రాఫర్, నృత్య రూపకర్త, ప్రదర్శకులు, సంగీతకారులు ప్రతి ఒక్కరి దగ్గరా అచ్చు ప్రతికీ డిజిటల్ ప్రతికీ వేర్వేరుగా అనుమతి రాయించుకోండి. ప్రదర్శనలో నగ్నత్వం గానీ, గాయం గానీ, పిల్లలు గానీ ఉంటే ఏ చిత్రం వేయబోతున్నారో చూపించి మరీ సంతకం తీసుకోండి.

ఎనిమిదవ అడుగు: పుటల కూర్పు, ముద్రణ

తెలుగు డీటీపీలో ఇప్పటికీ యూనికోడ్ కాని పాత ఫాంట్ల వాడకం ఎక్కువ. వాటితో కూర్చిన పీడీఎఫ్‌లో ఒక పేరు కోసం వెతికితే దొరకదు, పాఠం కాపీ చేస్తే అర్థంలేని అక్షరాలు వస్తాయి. నమోదు కోసం చేసే ప్రచురణకు ఇది పెద్ద లోపం కాబట్టి, ఆపరేటర్‌తో మొదటే మాట్లాడి యూనికోడ్ ఫాంటుతోనే కూర్పు చేయించండి. వత్తులూ గుణింతాలూ విడిపోతున్నాయేమో ప్రూఫులో కళ్లతో చూడండి, సాఫ్ట్‌వేర్‌ను నమ్మి వదిలేయకండి.

మధ్యలో పిన్నులు కొట్టే పుస్తకానికి పుటల సంఖ్య 4 గుణిజంగా ఉండాలి. సుమారు 64 పుటల లోపు అయితే ఈ బైండింగే మేలు, ఎందుకంటే పుస్తకం చదునుగా తెరుచుకుంటుంది, రెండు పుటల మీద పరిచిన ఫొటో మధ్యలో మునిగిపోదు. ఫొటోలు అచ్చయ్యే పరిమాణంలో 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) ఉండాలి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో కుదించుకుపోతుంది, అసలు ఫైలు అడిగి తెప్పించుకోండి. నలుపు తెలుపు చిత్రాలకు మంచి మ్యాప్‌లితో కాగితం చాలు. చీకటి దృశ్యాలు ఎక్కువగా ఉంటే మ్యాట్ ఆర్ట్ పేపరు వాడి, అచ్చుకు ముందు ఒక్క ఫారం (ఒకేసారి అచ్చయ్యే పుటల షీటు) నమూనా తీయించి చూడండి.

తొమ్మిదవ అడుగు: పంపిణీ, భద్రత

పుస్తకంగా వేస్తే పుస్తకాల అంతర్జాతీయ గుర్తింపు సంఖ్య ఐఎస్‌బీఎన్ రాజా రామమోహన్ రాయ్ జాతీయ సంస్థ నుంచి, వరుస సంచికలుగా వేస్తే పత్రికలకు ఇచ్చే అలాంటి సంఖ్య ఐఎస్‌ఎస్‌ఎన్ ఢిల్లీలోని జాతీయ కేంద్రం నుంచి రుసుము లేకుండా తీసుకోవచ్చు. వార్తలూ వాటిపై వ్యాఖ్యలూ ఉండే క్రమానుగత పత్రిక అయితే, 2024 మార్చి 1న అమల్లోకి వచ్చిన కొత్త చట్టం కింద ప్రెస్ రిజిస్ట్రార్ జనరల్ వద్ద నమోదు కూడా కావాలి. 1954 నాటి చట్టం ప్రకారం అచ్చయిన పుస్తకాన్ని 30 రోజుల్లో కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికీ, చెన్నై కన్నెమరా, ముంబయి ఆసియాటిక్ సొసైటీ, ఢిల్లీ పబ్లిక్ లైబ్రరీలకూ పంపడం ప్రచురణకర్త విధి. చిన్న ప్రచురణకర్తలు చాలామంది దీన్ని జరిమానా వ్యవహారంగా చూస్తారు గానీ, 100 ప్రతుల పుస్తకం యాభై ఏళ్ల తరువాత దొరకడానికి ఇంతకంటే చవకైన మార్గం లేదు. దీనితో పాటు మీ జిల్లా గ్రంథాలయానికి, దగ్గరి విశ్వవిద్యాలయంలోని రంగస్థల, నృత్య శాఖలకు, హైదరాబాద్ నుంచి వెలువడే నర్తనం వంటి నృత్య పత్రికల కార్యాలయాలకు ఒక్కో ప్రతి పంపండి.

ఆవిష్కరణ సభను కూడా నమోదు చేయడం మరవకండి. దిగంబర కవులు 1965 మేలో హైదరాబాద్‌లో తమ మొదటి సంపుటిని అర్ధరాత్రి ఒక రిక్షా కార్మికుడి చేత ఆవిష్కరింపజేశారు. ఆ చర్య ఆ కవిత్వంతో సమానంగా ఇవాళ్టికీ చర్చకు వస్తోంది. మీ పుస్తకం ఎక్కడ, ఎవరి చేతుల మీదుగా బయటికి వచ్చిందో ఒక పుట రాసి, ఫొటోలతో సహా పెట్టెలో వేయండి.

డిజిటల్ ఫైళ్లను రెండు వేర్వేరు ఊళ్లలో కనీసం 3 చోట్ల ఉంచండి: అసలు ఫొటోలు, కుదించని వీడియో, కూర్పు ఫైలు, ఫాంట్లు, పీడీఎఫ్. ఫైలు పేరులోనే తేదీ, స్థలం ఉండాలి. అచ్చు ప్రతులు రాగానే ప్రదర్శనలో పాల్గొన్న ప్రతి ఒక్కరికీ ఒకటి ఇచ్చి, అందులో తప్పనిపించినవాటిని పెన్నుతో పుట అంచుల్లో గుర్తించి తిరిగి పంపమని, బదులుగా మరో ప్రతి ఇస్తామని చెప్పండి. ఆ దిద్దిన ప్రతులను ఎప్పటికీ అమ్మవద్దు. నోటు పుస్తకాలున్న పెట్టెలోనే చేర్చి, మలి ముద్రణకు వాటినే మూలప్రతిగా వాడండి.